ఎక్కువ పాయింట్లు కొట్టే అమ్మాయి మంచి కెప్టెన్ కాగలదా?

ప్రశ్న: హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఎక్కువ పాయింట్లు నావే. ఈసారి కాకతీయ యూనివర్సిటీ అంతర్ కళాశాలల టోర్నీకి పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మేడమ్ నన్ను కెప్టెన్‌ను చేశారు. ఫైనల్ ఇయర్ అక్క ఒకరు ఫస్టియర్ నుంచి ఆడుతున్నారు, కెప్టెన్సీ ఆమెకే వస్తుందని అందరూ అనుకున్నారు. అప్పటి నుంచి టీమ్‌లో నాతో మాటలు తగ్గిపోయాయి. మొన్న ప్రాక్టీస్ మ్యాచ్ ఓడిపోయాక ఒకమ్మాయి అందరి ముందు “బాల్ ఎట్లాగూ నీ దగ్గర్నే ఉంటది, గెలుపు గూడ నువ్వే తెచ్చుకో” అంది. కోర్టులో బాగా అరుస్తానని కూడా అంటున్నారు. ఓడిపోతామన్న టెన్షన్‌లో అరుస్తాను, అంతే. బాగా ఆడేవాళ్లు మంచి లీడర్లు కాలేరా? కెప్టెన్సీ వదిలేయమంటారా? పాస్‌లు ఎక్కువ ఇస్తే యూనివర్సిటీ సెలక్షన్‌లో వెనకబడిపోతానేమో అని ఇంకో భయం కూడా ఉంది.

– ఒక క్రీడాకారిణి, హన్మకొండ

సమాధానం:

కాగలదు బిడ్డా. కెప్టెన్సీ వదలకు. ఈ రెండు మాటలు ముందే చెప్పేస్తున్నాను, వాటి కోసం చివరి దాకా ఎదురుచూడనక్కర్లేదు.

అయితే ఒకటి. బాగా ఆడినంత మాత్రాన కెప్టెన్సీ దానంతటదే రాదు. నీ ఆట వల్ల నీకు దక్కేది ఒక్కటే: నువ్వు నోరు తెరిస్తే మిగతావాళ్లు ఒకసారి తలెత్తి చూస్తారు. రెండోసారి చూడాలా వద్దా అన్నది, మొదటిసారి నువ్వేం చెప్పావో దాన్నిబట్టి వాళ్లు తేల్చుకుంటారు.

ఆ అమ్మాయి అన్న మాట నిన్ను నొప్పించింది. అందరి ముందు అనడం ఆమె తప్పే. కానీ కోపం కాస్త చల్లారాక ఆ మాటను ఆట మాటగా విను. నేను కరీంనగర్‌లో, తర్వాత మీ ఊళ్లో అమ్మాయిల టీమ్‌లకు చాలా ఏళ్లు కోచింగ్ ఇచ్చాను. స్టార్ ఉన్న టీమ్‌లలో మళ్లీ మళ్లీ చూసింది ఒకటుంది. మనవాళ్లకు రిబౌండ్ (షాట్ పడక రింగ్ నుంచి తిరిగొచ్చిన బాల్) దొరుకుతుంది, బాల్ స్టార్ చేతికి వస్తుంది. అవతలి సైడ్ నుంచి ఒకమ్మాయి ప్రాణం పెట్టి పరుగెత్తి రింగ్ దగ్గరికి చేరుతుంది, చెయ్యెత్తుతుంది. ఆమె దగ్గర అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు. బాల్ మాత్రం రాదు. స్టార్ ఇద్దరిని తప్పించుకుని తనే వేస్తుంది, పడుతుంది, చప్పట్లు మోగుతాయి. రెండోసారీ అంతే. మూడోసారి ఆ అమ్మాయి పరుగెత్తుతుంది గానీ చెయ్యెత్తదు. నాలుగోసారి సగం కోర్టు దాకా వచ్చి నడక అందుకుంటుంది. బయట కూర్చున్నవాళ్లు ‘ఆ పిల్లకు స్టామినా లేదు’ అంటారు.

చివరి క్వార్టర్‌లో అవతలి కోచ్ స్టార్ మీదికి ఇద్దరిని పంపిస్తాడు. ఇక పాస్ ఇవ్వక తప్పదు. ఇస్తుంది. అందుకోవాల్సిన అమ్మాయి ఆ పాస్ వస్తుందని అనుకోలేదు, చేతులు కిందే ఉన్నాయి. బాల్ అవుట్. “ఏం చూస్తున్నవే!” అని స్టార్ అరుస్తుంది.

నీ అరుపు ఇక్కడి నుంచి వస్తున్నదేమో ఒకసారి చూసుకో. నీ టెన్షన్ నిజమే, దాన్ని నేను కాదనను. కానీ మొదటి మూడు క్వార్టర్లలో ఆ అమ్మాయి చెయ్యి ఎందుకు కిందికి దిగిందో తెలియకుండా నాలుగో క్వార్టర్‌లో ఆమె మీద అరిస్తే, ఆమెకు అది అన్యాయంగానే తోస్తుంది.

లెక్క కూడా చూడు. 24 సెకన్లలో షాట్ వేయాలి. అందులో 8 సెకన్లలోపు బాల్ సగం కోర్టు దాటాలి. దాటించి, ఆగి, అటూ ఇటూ డ్రిబుల్ చేస్తూ సందు కోసం నువ్వు పదీ పన్నెండు సెకన్లు తీసుకుంటే మిగిలేది చేతిలో ఉన్న బాల్‌ను ఎలాగోలా విసరడానికే సరిపోతుంది. ఆ పది సెకన్లూ మిగతా నలుగురూ నిలబడి నిన్నే చూస్తుంటారు. డిఫెన్స్‌కు అంతకంటే సుఖం ఏముంటుంది?

పాయింట్లు వేరు, గెలుపు వేరు అని తెలియాలంటే విల్ట్ చాంబర్లిన్ సంగతి చదువు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 1961-62 సీజన్‌లో ఆయన మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు కొట్టాడు. 1962 మార్చి 2న ఒక్క మ్యాచ్‌లోనే 100. ఆ ఏడాది టైటిల్ మాత్రం బోస్టన్ సెల్టిక్స్ ఎత్తుకుపోయింది. అప్పట్లో ఉత్తమ ఆటగాడిని ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకునేవాళ్లు. 50 పాయింట్లవాడిని పక్కన పెట్టి వాళ్లు ఓట్లేసింది సెల్టిక్స్ ఆటగాడు బిల్ రస్సెల్‌కు. రస్సెల్ కెరీర్ మొత్తం సగటు చూస్తే మ్యాచ్‌కు 15 పాయింట్లే. రిబౌండ్లు మాత్రం 22కు పైన. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు, చివరి రెండింటికీ టీమ్ కోచ్ కూడా ఆయనే, ఆడుతూనే.

రస్సెల్ గురించి నాకు బాగా నచ్చే సంగతి ఒకటి చెబుతాను. షాట్ బ్లాక్ చేసేటప్పుడు చాలామంది బాల్‌ను బలం కొద్దీ గ్యాలరీలోకి కొడతారు. చూడటానికి గొప్పగా ఉంటుంది, జనం లేచి అరుస్తారు. కానీ అవుట్ వెళ్లిన బాల్ మళ్లీ అవతలివాళ్లకే వెళ్తుంది. రస్సెల్ దాన్ని తనవాళ్లకు అందేలా మెల్లగా తట్టేవాడు. అక్కడి నుంచి ఫాస్ట్ బ్రేక్ (అవతలివాళ్లు సర్దుకునేలోపే మెరుపు దాడి) మొదలయ్యేది, పాయింట్లు ఇంకొకరి పేరు మీద పడేవి. ‘స్టార్లు లీడర్లు కాలేరా’ అని అడిగావు. రస్సెల్ కంటే పెద్ద స్టార్ ఎవరమ్మా? బాల్ ఎటు తట్టాలో ఆలోచించిన స్టార్ ఆయన.

చాంబర్లిన్‌కు కూడా అన్యాయం చేయకూడదు. 1966-67లో ఆయన తన సగటును 24 పాయింట్లకు తగ్గించుకున్నాడు, మ్యాచ్‌కు ఎనిమిది దాకా అసిస్టులు, అంటే ఇంకొకరు పాయింట్లు వేసేలా పాస్‌లు, ఇచ్చాడు. ఆయన టీమ్ ఫిలడెల్ఫియా ఆ ఏడాది సెల్టిక్స్‌ను కూడా దాటి టైటిల్ గెలిచింది. అదే మనిషి, అదే ఎత్తు, అవే చేతులు. అంటే ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, నేర్చుకుంటే వస్తుంది.

ఇక మైకేల్ జోర్డాన్. ఆయన కూడా అరిచేవాడు కదా అని నువ్వు అనొచ్చు, చాలామంది పిల్లలు నాతో అన్నారు. అరిచాడు. 1995లో ప్రాక్టీస్‌లో తన చికాగో బుల్స్ టీమ్‌లోని స్టీవ్ కెర్‌ను కొట్టాడు కూడా. దాన్ని ఆదర్శంగా తీసుకోకు. అదే కెర్‌తో 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఏం జరిగిందో అది చూడు. స్కోరు 86-86, ఆఖరి క్షణాలు, జోర్డాన్ మీదికి రెండో మనిషి వస్తాడని స్టేడియంలో అందరికీ తెలుసు. ముందు టైమౌట్‌లోనే జోర్డాన్ కెర్‌కు సిద్ధంగా ఉండమని చెప్పాడు. అవతలి టీమ్ నుంచి స్టాక్టన్ వచ్చాడు, జోర్డాన్ పాస్ ఇచ్చాడు, కెర్ వేశాడు, బుల్స్ గెలిచింది. ఆ పాస్‌కు రెండు సెకన్లు కూడా పట్టలేదు. కానీ అది పనిచేయాలంటే బాల్ వస్తుందని కెర్‌కు నమ్మకం ఉండాలి. నీ టీమ్‌లో అలా నమ్మే అమ్మాయి ఇప్పుడు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆమెతోనే మొదలుపెట్టు.

మీ జిల్లాల్లో పిల్లలకు ఒంటరి ఆటల ఆదర్శాలు ఎక్కువ, అది సహజమే. కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది, నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. వాళ్లను చూసి ఎదిగినవాళ్లకు పట్టుదల అంటే తన ఒంటికి సంబంధించిన విషయమే అనిపిస్తుంది. ట్రాక్ మీద, రింగ్‌లో అది నిజం. బాస్కెట్‌బాల్‌లో నీ పట్టుదలలో కొంత ఇంకో నలుగురి కాళ్లలోకి దిగాలి.

అరుపు విషయం విడిగా చెప్పాలి. కోర్టులో నిశ్శబ్దంగా ఉండే కెప్టెన్ నాకు అక్కర్లేదు. గట్టిగానే మాట్లాడు. కాకపోతే ఎప్పుడు అన్నది ముఖ్యం. ఆట జరగకముందు పేరు పెట్టి “స్క్రీన్ లెఫ్ట్!”, “వెనక కట్ అవుతోంది!” అని ఎంత గొంతు చించుకున్నా ఎవరూ బాధపడరు, ఎందుకంటే అది వాళ్లకు పనికొచ్చే మాట. పొరపాటు జరిగిపోయాక వచ్చే “ఏం చూస్తున్నవే” వల్ల ఒక్క పాయింట్ కూడా తిరిగి రాదు. లేఅప్ (రింగ్ దగ్గరికి పరుగెత్తి వేసే షాట్) మిస్సయిన అమ్మాయికి మిస్సయిందని తెలుసు. నువ్వు చెప్పాల్సింది ఏదైనా ఉంటే “మళ్ల ఇస్త, ఉరుకు” అను. తర్వాతి ఫాస్ట్ బ్రేక్‌లో నిజంగానే ఇవ్వు. అక్కడ ఇవ్వకపోతే మాత్రం ఆ మాట అనకపోయినా బాగుండేది.

బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునే ఆవిడను గమనించావా? పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు ఎన్ని గుంపులుంటాయో అన్ని గొంతులుంటాయి. మంచి గొంతు ఉన్నావిడే ఎత్తుకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఒక చరణం అందుకుని ఆగుతుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అందుకునేంత వరకు. ఆ ఉయ్యాలో కూడా ఆవిడే పాడేస్తే కాసేపటికి చుట్టూ తిరిగేవాళ్లు చప్పట్లు మరిచిపోయి మాటల్లో పడతారు.

ఇప్పుడు అక్క సంగతి. నీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే, నువ్వు మాత్రం దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆమె ఏమీ అనలేదని నాకు అర్థమవుతోంది, అన్నది ఇంకో అమ్మాయి. ఏమీ అనకుండా ప్రాక్టీస్‌కు వస్తున్న సీనియర్ అంటే నీకు దొరికిన అదృష్టం. ఆమెతో మాట్లాడు. వాట్సాప్ గ్రూపులో కాదు, ఫోన్‌లో కూడా కాదు. పొద్దున ప్రాక్టీస్‌కు అందరికంటే ముందు వెళ్లి, ఆమెను కూడా ముందు రమ్మని, ఇద్దరే ఉన్నప్పుడు. కెప్టెన్ అయినందుకు సారీ చెప్పకు, ఆ నిర్ణయం మేడమ్‌ది. “అక్కా, నువ్వయితవని అందరం అనుకున్నం. నాకు గూడ తెలుసు. డిఫెన్స్‌ల ఎవరు ఎవరిని పట్టుకోవాలె, ఎప్పుడు మారాలె అన్నది నువ్వే పిలువు. నువ్వు పిలిస్తే నేను గూడ మారుత” అని చెప్పు. తర్వాత మ్యాచ్‌లో ఆమె పిలిచిన వెంటనే అందరికంటే ముందు నువ్వే కదలాలి. ఆమె మాట నువ్వు వింటున్నావని మిగతావాళ్లు కళ్లారా చూస్తే, నీ మాట వినడం వాళ్లకు చిన్నతనంగా అనిపించదు. వైస్ కెప్టెన్ పేరు మేడమ్ ఇంకా ప్రకటించకపోతే అక్క పేరు నువ్వే చెప్పు.

చిన్న వయసులో సీనియర్ల మీద కెప్టెన్ కావడం కొత్తేం కాదు. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై 19 ఏళ్లకే భారత మహిళల జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దేశానికి ఆడారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. దేశం జట్టులోనే అది సాగినప్పుడు మీ కాలేజీలో ఎందుకు సాగదు?

మేడమ్‌తో కూడా ఒక మాట చెప్పాలి. ‘తప్పు చేస్తే అందరి ముందు నన్నే మొదట తిట్టండి’ అని అడుగు. ఇది వింతగా అనిపిస్తుంది కానీ బాగా పనిచేస్తుంది. శాన్ ఆంటోనియో స్పర్స్‌లో టిమ్ డంకన్ 19 సీజన్లు ఒకే టీమ్‌కు ఆడి అయిదు టైటిళ్లు గెలిచాడు. కోచ్ పాపోవిచ్ ఆయన్ను అందరి ముందే గట్టిగా మందలించేవాడు, డంకన్ కిమ్మనకుండా వినేవాడు. అంత పెద్ద ఆటగాడే తిట్లు తింటుంటే పన్నెండో నంబర్ కుర్రాడు తనకు పడ్డ తిట్లకు ముఖం మాడ్చుకోలేడు కదా. మన దగ్గర దీనికి తిరగబడ్డ పద్ధతి ఎక్కువ. స్టార్‌ను బుజ్జగిస్తారు, బెంచ్ మీది పిల్లలను తిడతారు. చాలా టీమ్‌లు అక్కడే విరిగిపోతాయి.

బెంచ్ అనే మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మీ పన్నెండు మందిలో నర్సంపేట నుంచో పరకాల నుంచో బస్సులో వచ్చే అమ్మాయిలు ఎంతమంది? సాయంత్రం ప్రాక్టీస్ అరగంట పొడిగిస్తే ఎవరి బస్సు పోతుంది? ఇంట్లో నాన్నకు ఫోన్ చేసి సర్దిచెప్పుకోవాల్సింది ఎవరు? నీకు తెలియకపోతే రేపే తెలుసుకో. మ్యాచ్‌లో రెండు నిమిషాలే ఆడే అమ్మాయి ఏడాదంతా నీకు ఎదురుగా డిఫెన్స్ ఆడి నిన్ను ఇంత దాన్ని చేసింది. ‘మేడమ్, ఆమె బస్సుకు టైమైంది, ఇవాళ్టికి ఆపుదాం’ అని కెప్టెన్ అడిగిన రోజు ఆ అమ్మాయి మర్చిపోదు.

రూలు పరంగా చూస్తే కెప్టెన్‌కు ఉన్న అధికారాలు చాలా కొద్ది. టైమౌట్ అడిగేది కోచ్. నువ్వు చేయగలిగింది, బాల్ ఆగి గడియారం ఆగినప్పుడు రెఫరీతో మర్యాదగా మాట్లాడి విషయం కనుక్కోవడం. ప్రొటెస్ట్ చేయాల్సి వస్తే స్కోరుషీటు మీద సంతకం పెట్టడం. ఆ కొద్దిలోనూ ఒకటి పాటించు. నీ మీద పడ్డ ఫౌల్ గురించి రెఫరీ దగ్గరికి వెళ్లకు. పక్కమ్మాయికి పడ్డ ఫౌల్ గురించి వెళ్లు. రెఫరీ నిర్ణయం మారదు, అయినా తన కోసం ఒకరు అడిగారని ఆమెకు తెలుస్తుంది.

ఇవన్నీ చేస్తూ నీ ఆటను చంపుకోకు. ‘నేను వేస్తే వాళ్లకు కోపం’ అని ఓపెన్ షాట్ వదిలేస్తే అది త్యాగం కాదు, టీమ్‌కు నష్టం. మొదటి క్వార్టర్‌లో అందరి చేతికీ బాల్ తగిలేలా చూడు, ముఖ్యంగా పరుగెత్తినవాళ్ల చేతికి. ఆఖరి రెండు నిమిషాల్లో మ్యాచ్ దగ్గరగా ఉంటే బాల్ నీ చేతిలోనే ఉండాలి, ఆ మాట టీమ్‌కు ముందే సూటిగా చెప్పు. మొదటి ముప్పై ఎనిమిది నిమిషాలు వాళ్లను ఆడనిచ్చావంటే చివరి రెండు నిమిషాలు నీకు వదలడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అన్నీ చేశాక కూడా ఈ సీజన్ చివర్లో కెప్టెన్సీ బరువుగా, ఆట రుచి లేకుండా అనిపిస్తే అప్పుడు దిగిపో. అందులో చిన్నతనం ఏమీ లేదు. సచిన్ కెప్టెన్‌గా 25 టెస్టులు ఆడిస్తే గెలిచినవి నాలుగు. వదిలేసి తన బ్యాటింగ్ తను చూసుకున్నాడు, దాని వల్ల జట్టుకు లాభమే జరిగింది. కానీ ఆయన ఆడించి చూశాక వదిలాడు. నువ్వు ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌కు, ఒక అమ్మాయి అన్న ఒక మాటకు వదలాలనుకుంటున్నావు. ఇప్పుడు వదిలితే ఆ కుర్చీలో కూర్చోవడానికి అక్కకు కూడా మనసొప్పదు.

చివరగా నీ సెలక్షన్ భయం. అది ఉత్త భయమని నేను చెప్పను. మన టోర్నీల్లో టేబుల్ మీద ఉండే స్కోరుషీటులో పాయింట్లు రాస్తారు, ఫౌళ్లు రాస్తారు, టైమౌట్లు రాస్తారు. అసిస్ట్‌కు గడి ఉండదు. నువ్వు పాస్ ఇస్తే పడ్డ పాయింట్లు ఇంకొకరి నంబర్ ఎదురుగానే ఎక్కుతాయి. నీ లెక్కలో మ్యాచ్‌కు ఆరో ఎనిమిదో తగ్గొచ్చు. తగ్గనివ్వు. సెలక్టర్లు కాగితం ఒక్కటే చూడరు, కోర్టు పక్కనే కూర్చుంటారు, నీ మీదికి ఇద్దరు వచ్చినప్పుడు నువ్వేం చేస్తావో చూస్తారు. యూనివర్సిటీ టీమ్‌లోకి వచ్చేవాళ్లందరూ తమ తమ కాలేజీల్లో స్టార్లే, వాళ్ల మధ్య ఎవరు ఇమడగలరో కూడా తేల్చుకోవాలి కదా. పైగా నాకౌట్ టోర్నీలో మొదటి మ్యాచ్‌లోనే 30 కొట్టి ఓడిపోతే వాళ్లు నిన్ను ఆ ఒక్క మ్యాచ్‌లోనే చూస్తారు. టీమంతా ఆడి సెమీస్ దాకా వెళ్తే ఇంకా చాలాసార్లు చూస్తారు.